మస్అలా తెలిసింది, మరి జబ్బు సంగతి?

బాలికలకు ఫిఖ్హ్ బోధించేవారందరికీ ఒక సంగతి తెలుసు. వుజూ, గుసుల్, నమాజు ప్రకరణాలు సాఫీగా సాగిపోతాయి. హైజ్ ప్రకరణం రాగానే తరగతి నిశ్శబ్దమైపోతుంది. సందేహాలు నోటితో రావు. మరునాడు ముఅల్లిమా ద్వారా నాలుగు మడతలు పెట్టిన కాగితం మీద వస్తాయి. కొన్నిటిని తల్లులు తండ్రులకు చెప్పి, తండ్రులు జుమా తరువాత మమ్మల్ని పక్కకు పిలిచి, తల వంచుకుని అడుగుతారు.

కట్టంగూరులోను, చుట్టుపక్కల గ్రామాలలోను మాకు వచ్చే ఈ ప్రశ్నల తీరు కొన్నేళ్లుగా మారుతున్నది. పూర్వం ఎక్కువగా తప్పిపోయిన రోజాలను ఎప్పుడు తీర్చాలని అడిగేవారు. ఇప్పుడు వేరు. నాలుగు నెలలు రాకుండా ఉండి, వచ్చిన తరువాత ఇరవై రోజులైనా ఆగలేదు, నమాజు చదవాలా వద్దా? గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు వస్తున్నాయి, తీసివేయడం జాయిజా? నాకు షుగర్ లేదు కాని డాక్టరమ్మ షుగర్ మాత్ర రాశారు, రంజాన్‌లో ఎప్పుడు వేసుకోవాలి? ఇవి మూడు వేర్వేరు మస్అలాలు. వైద్యుని దృష్టిలో మాత్రం ఈ మూడూ ఒకే జబ్బు ఆనవాళ్లు కావచ్చు. తోడుగా తల్లి చెప్పే మాట మరొకటి ఉంటుంది: “తిండి పెరగలేదు, అయినా పిల్ల లావైపోతున్నది, మౌల్వీ సాబ్.”

ముందు మస్అలాల సంగతి చెబుతాము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం హైజ్ కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. రెండు హైజ్‌ల నడుమ కనీసం పదిహేను రోజుల పరిశుద్ధత ఉండాలి. స్రావం పది రోజులు దాటితే, స్థిరమైన అలవాటున్న స్త్రీ తన పూర్వపు అలవాటు రోజులనే హైజ్‌గా లెక్కించాలి. మిగిలినది ఇస్తిహాజా. ఆ స్థితిలో ఆమె గుసుల్ చేసి, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని నమాజు చదవాలి, రోజా ఉండాలి. ఇరవై రోజులూ హైజ్ అనుకుని నమాజు మానివేస్తే, అలవాటు రోజులు పోను మిగిలిన రోజుల నమాజులకు ఖజా చెల్లించాలి. మొదటిసారి నుండే ఆగకుండా ఉన్న బాలిక విషయంలో లెక్క వేరు. ఆమెకు పది రోజులు హైజ్, ఇరవై రోజులు పరిశుద్ధత. ఇక ముఖం మీద గడ్డం, మీసం వలె వచ్చే వెంట్రుకలను స్త్రీ తొలగించుకోవడం జాయిజే. హనఫీ ఫుఖహా దానిని మంచిదని కూడా అన్నారు. అందం కోసం కనుబొమలు పీకించుకోవడాన్ని దీనితో కలపకూడదు.

ఇంతవరకు మా పని. అయితే ఆ కాగితం వ్రాసిన బాలికకు నమాజు లెక్క తెలిసింది గాని, నాలుగు నెలలు ఎందుకు రాలేదో తెలియలేదు. చాలా ఇళ్లలో విషయం ఇక్కడే ఆగిపోతుంది. అడగవలసినవారిని అడిగాము, జవాబు వచ్చింది అని తల్లిదండ్రులు తృప్తి పడతారు. ఫత్వా ఇబాదత్‌కు సంబంధించిన జవాబు. శరీరానికి సంబంధించిన జవాబు మరొకరి దగ్గర ఉన్నది.

దీనికి సిగ్గు అడ్డు వస్తున్నదనేవారికి సహాబియాత్‌ల వృత్తాంతాలు గుర్తు చేయాలి. ఎడతెగని స్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) స్వయంగా దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి సన్నిధికి వచ్చి తన పరిస్థితి చెప్పుకున్నారు. ఇది ఒక నరం నుండి వచ్చే రక్తమే గాని హైజ్ కాదని ప్రవక్త (స) వివరించారు. ఉమ్మె హబీబా బిన్తె జహష్ (రజి) ఏడేళ్లు ఇస్తిహాజాతో ఉన్నారని బుఖారీ గ్రంథంలో ఉన్నది. ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గు అడ్డం కాలేదని హజ్రత్ ఆయిషా (రజి) అన్సారీ స్త్రీలను మెచ్చుకున్నారు. ఆ ప్రశ్నలు అప్పుడు అడగబడ్డాయి కనుకనే ఈ ప్రకరణం ఈనాడు మన పాఠ్యగ్రంథాలలో ఉన్నది. ఇస్తిహాజా రక్తానికి రోగం కారణం కావచ్చునని ఆ గ్రంథాలే చెబుతున్నాయి. చికిత్స చేయించుకొమ్మని హదీసు ఆదేశం కూడా మనకున్నది. అలాంటప్పుడు సగం చదివి ఆగిపోవడమెందుకు?

ఇక జబ్బు పేరు. వైద్యులు దీనిని పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, పొట్టిగా పీసీఓఎస్ అంటారు. మన వైపు పీసీఓడీ అన్న పేరే ఎక్కువ వాడుకలో ఉన్నది. ఇళ్లలో “నీటి బుడగలు” అంటారు. ఈ మాట ఎంత భయపెట్టిందో చెప్పలేము. గడ్డలనుకుని, ఆపరేషన్ చేసి తీసివేయాలనుకుని ఏడ్చే తల్లులున్నారు. అవి గడ్డలు కావు. ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న అండకోశాలు ఎదుగుతాయి. వాటిలో ఒకటి పక్వమై అండాన్ని విడుదల చేయాలి. ఈ జబ్బులో అది జరగక, సగం ఎదిగిన కోశాలు అలాగే ఆగిపోతాయి. స్కానింగులో బుడగల వలె కనిపించేవి అవే. అండం విడుదల కాకపోతే నెలసరి క్రమం తప్పుతుంది. 1935లో షికాగోకు చెందిన స్టెయిన్, లెవెన్తాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి దీనిని వర్ణించారు. చాలాకాలం వారి పేర్లతోనే దీనిని పిలిచేవారు.

ఇది అరుదైన జబ్బు కాదు. ప్రసవ వయసులోని స్త్రీలలో నూటికి 8 నుండి 13 మందికి ఉంటుందని, వారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్లే తెలియనివారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తెలుగునాట జరిగిన ఒక పరిశీలన కూడా ఉన్నది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుండి 18 ఏళ్ల బాలికలు 460 మందిని పరీక్షించగా 42 మందిలో ఈ లక్షణాలు కనిపించాయి. 2011లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం నూటికి తొమ్మిది మందికి పైగా. మన మదరసా తరగతిలో ముప్ఫై మంది కూర్చుంటే, ఆ లెక్కన ఇద్దరు ముగ్గురు ఉండాలి. నాలుగు మడతల కాగితాలు వారివే కావచ్చు.

ఒక వైద్యురాలు ఉన్నదన్నారు, మరొకరు లేదన్నారు, ఎవరిని నమ్మాలి అని కొందరు వాపోతారు. ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండనక్కరలేదు. దేశవ్యాప్తంగా 18 నుండి 40 ఏళ్ల స్త్రీలు సుమారు 9,800 మందిపై భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన అధ్యయనం 2024లో వెలువడింది. 1990 నాటి పాత కొలమానంతో లెక్కిస్తే 7.2 శాతం, 2003లో రోటర్‌డామ్‌లో నిర్ణయించిన కొలమానంతో లెక్కిస్తే 19.6 శాతం తేలింది. స్త్రీలు వారే, కొలత మారింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది రెండవదే. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు అధికంగా ఉండడం లేదా అధిక రోమాల వంటి వాటి లక్షణాలు కనిపించడం, అండాశయంలో ఎక్కువ కోశాలు ఉండడం అనే మూడింటిలో రెండు ఉంటే, ఇతర జబ్బులు లేవని తేల్చుకున్న తరువాత పీసీఓఎస్ అంటారు.

బాలికలకు ఈ నియమం మరింత కఠినం. నెలసరి మొదలైన ఎనిమిదేళ్ల లోపు స్కానింగు ఆధారంగా ఈ జబ్బును నిర్ధారించరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం చెబుతున్నది. ఆ వయసులో చాలామంది ఆరోగ్యవంతుల అండాశయాలు కూడా అలాగే కనిపిస్తాయి. కనుక పదహారేళ్ల పిల్ల స్కానింగు కాగితం మీద నాలుగు అక్షరాలు చూసి ఆమెను రోగిగా ముద్ర వేయరాదు. అవివాహిత బాలికకు లోపలి నుండి స్కానింగు చేస్తారేమోనన్న భయంతో ఆసుపత్రికే తీసుకుపోని తల్లులు ఉన్నారు. వారు తెలుసుకోవలసినది ఏమంటే, అవసరమైతే పొట్టపై నుండే చేస్తారు. మొదటి ఏడాదిలో క్రమం తప్పడం సహజమే. మూడేళ్లు గడచిన తరువాత కూడా 21 రోజులకు ముందే గాని, 35 రోజులు దాటి గాని వస్తుంటే చూపించాలి. ఎప్పుడైనా మూడు నెలలు దాటినా, పదిహేనేళ్లు నిండినా మొదలే కాకపోయినా ఆలస్యం చేయకూడదు.

ఇక బరువు. ఇంటింటా దీనిని తిండిపోతుతనంగానో, సోమరితనంగానో చూస్తున్నాము. దస్తర్‌ఖాన్ దగ్గర అందరి ముందూ పిల్లను ఎత్తిపొడిచే ఖాలాలు, ఫుప్పీలు ప్రతి ఖాందాన్‌లోనూ ఉంటారు. శరీరం లోపల జరిగేది మరొకటి. తిన్న అన్నం చక్కెరగా మారి కణాలలోకి పోవడానికి ఇన్సులిన్ కావాలి. ఈ జబ్బు ఉన్న చాలామందిలో కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాన్ని పురుష హార్మోన్లు ఎక్కువగా తయారు చేయమని పురికొల్పుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుస్తుంది. కొవ్వు చేరినకొద్దీ ఇన్సులిన్ మరింత మొండికేస్తుంది. అంటే బరువు వల్ల జబ్బు ముదురుతుంది, జబ్బు వల్ల బరువు పెరుగుతుంది. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, మందంగా మారుతుంది. దానిని మురికి అనుకుని సున్నిపిండితో రుద్దుతారు. అది ఎంత రుద్దినా పోదు, ఇన్సులిన్ గుర్తు అది. సన్నగా ఉన్నవారికీ ఈ జబ్బు వస్తుందన్నది కూడా మరువరాదు. మన దేశీయులలో తక్కువ బరువుకే చక్కెర జబ్బు వస్తున్నందున, స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్త పడమంటారు.

అయితే బరువు పెరిగిన ప్రతివారికీ పీసీఓఎస్ అనుకోవడం మరో పొరపాటు. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే బరువు పెరుగుతుంది, నెలసరీ చెడుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగినా నెలసరి ఆగుతుంది. ఒంటి నొప్పులకని, ఆయాసానికని ఊళ్లలో ఆర్.ఎం.పి.లు ఇచ్చే సూదులలో, పేరు లేని పొట్లాలలో స్టెరాయిడ్లు ఉండడం అందరూ ఎరిగినదే. కొన్ని వారాలు వాడితే ఆకలి పెరిగి, ముఖం గుండ్రమై, పొట్ట పెరుగుతుంది. “దవా పడింది, పిల్ల ఒళ్లు చేసింది” అని ఇంట్లో సంతోషిస్తారు. ఎక్కువకాలం వాడినదానిని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం కనుక వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మాత్రల వల్ల కూడా బరువు పెరుగుతుంది, పీసీఓఎస్ లక్షణాలు కనిపిస్తాయి. దానినీ సొంతంగా ఆపకూడదు, మార్చగలరేమో అడగాలి. పెళ్లయిన స్త్రీలకు ప్రభుత్వాసుపత్రులలో మూడు నెలలకొకసారి ఇచ్చే అంతర ఇంజక్షన్ వల్ల నెలసరి తారుమారు కావచ్చు, కొందరికి బరువూ పెరుగుతుంది. ఇస్తిహాజా మస్అలా అడిగే స్త్రీని మేము ముందుగా ఈ సూది గురించి అడిగించుకోవడం ఇందుకే.

మందుల విషయంలో మన ఇళ్లలో రెండు గట్టి భయాలున్నాయి. మొదటిది గర్భనిరోధక మాత్రల గురించి. అవివాహిత బాలికకు ఆ మాత్రలు రాస్తే తండ్రి ఆ చీటీని జేబులోనే చింపివేస్తాడు. ఊళ్లో మెడికల్ షాపువాడు ఏమనుకుంటాడోనని బాధ. ఆ మాత్రల పని ఇక్కడ వేరు. నెలసరిని క్రమపరచడం, పురుష హార్మోన్లను తగ్గించడం, అన్నిటికంటే ముఖ్యంగా గర్భాశయాన్ని కాపాడడం. నెలలకొద్దీ స్రావం రాకపోతే లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్లు గడిస్తే అది క్యాన్సరుకు దారితీయవచ్చు. మూడు నెలలకు మించి ఖాళీగా వదలవద్దని వైద్యులు అనడం అందుకే. చికిత్స కోసం వాడే మందుకు సంకల్పం వేరు, హుకుమ్ వేరు. షాపు గురించే భయమైతే నకిరేకల్‌లోనో నల్గొండలోనో కొనండి, చీటీని మాత్రం చింపవద్దు. ఈ మాత్రలు అందరికీ సరిపడవు. మైగ్రేన్, బీపీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర వంటివి ఉంటే వైద్యురాలికి ముందే చెప్పాలి. రంజాన్‌లో రోజాలు తప్పకూడదని, ఉమ్రాకు ముందు అని, షాపులో తామే అడిగి నెలసరి ఆపే మాత్రలు తెచ్చుకునేవారు అవే షాపులకు నిస్సంకోచంగా వెళ్తున్నారన్నది మా గమనిక.

రెండవ భయం మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర గురించి. అది వేసుకుంటే షుగర్ వస్తుందనుకుంటారు. అది ఇన్సులిన్ మొండితనాన్ని తగ్గించే మందు. ఒక్కటే వాడినప్పుడు చక్కెర మరీ పడిపోవడం అరుదు కనుక, చాలామందికి రంజాన్‌లో ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చి ఇస్తారు. నెల ముందే అడిగి పెట్టుకోవాలి.

తిండి గురించి మా దగ్గర కొత్త మాట లేదు. ఫలానా ఆహారమే ఈ జబ్బుకు గొప్పదనే రుజువు లేదని 2023 మార్గదర్శకమే చెబుతున్నది. కనుక ఖరీదైన పొడులకు డబ్బు పోయనక్కరలేదు. మన నల్గొండ ఇళ్లలో ఒకప్పుడు రాత్రి పూట జొన్నరొట్టె ఉండేది. మూడు పూటలా తెల్లన్నం వచ్చి ఎంతోకాలం కాలేదు. పండుగనాడు షీర్ ఖుర్మా తాగవద్దని మేము చెప్పబోము. రోజుకు ఐదుసార్లు చక్కెర చాయ్, దానితో బిస్కెట్ సంగతి మాత్రం ఆలోచించవలసినదే. అధిక బరువు ఉన్నవారు నూటికి ఐదు పాళ్లు తగ్గినా, అంటే 70 కిలోల స్త్రీ మూడున్నర కిలోలు తగ్గినా, చాలామందిలో నెలసరి మెరుగుపడుతుంది. నడవాలంటే హైదరాబాద్–విజయవాడ రహదారి మీద లారీల పక్కన మన ఆడపిల్లలు నడవలేరు, నిజమే. మిద్దె ఉన్నది. ఫజర్ తరువాత తల్లీ కూతుళ్లు కలిసి అరగంట నడిస్తే పిల్లకు శిక్ష విధించినట్లు ఉండదు. తల్లికి కూడా అవసరమే, ఎందుకంటే ఈ జబ్బు కుటుంబాలలో నడుస్తుంది.

పెళ్లి దగ్గరే అసలు కష్టమంతా. పీసీఓఎస్ అంటే గొడ్రాలుతనమని ఒక మాట ఊళ్లో పుట్టింది. అది సత్యం కాదు. అండం విడుదల ఆలస్యమవుతుంది కనుక గర్భం ఆలస్యం కావచ్చు. చాలామందికి మందులు లేకుండానో, కొద్దిపాటి మందులతోనో సంతానం కలుగుతుంది. అండం విడుదలకు ఇప్పుడు ముందుగా ఇచ్చేది లెట్రోజోల్. ఆ పేరును ఫోనులో వెదికితే రొమ్ము క్యాన్సర్ మందు అని వస్తుంది. ఒక కోడలి గదిలో ఆ పెట్టె చూసి అత్తగారు ఆమెకు క్యాన్సర్ దాచిపెట్టారని గొడవ చేసిన ఇల్లు మాకు తెలుసు. గర్భధారణ కోసం దాని వాడకాన్ని 2011లో మన ప్రభుత్వం నిషేధించిన మాట నిజమే. 2017లో ఆ నిషేధాన్ని తొలగించింది. సంబంధం మాట్లాడేటప్పుడు దాచమని మేము ఎవరికీ చెప్పము. వైద్యురాలు ఏమన్నారో ఉన్నది ఉన్నట్లు చెప్పడమే మేలు. వరుని తరఫువారు కూడా తెలుసుకోవాలి. పిల్లలు ఆలస్యమైతే ఇద్దరికీ పరీక్షలు జరగాలి. కోడలినొక్కదాన్నే ఊరూరా తిప్పి, కొడుకు పరీక్షకు మాత్రం ఇజ్జత్ అడ్డం పెట్టే పద్ధతి జుల్మ్.

ఒకవేళ విడాకుల దాకా పోతే, మూడు హైజ్‌ల ఇద్దత్ ఇటువంటి స్త్రీకి ఏడాది దాటిపోవచ్చు. సుదీర్ఘ పరిశుద్ధత గల స్త్రీ విషయంలో తరువాతి హనఫీ విద్వాంసులు అవసరాన్ని బట్టి మాలికీ అభిప్రాయంపై ఫత్వా ఇచ్చారు. దానిని సొంతంగా లెక్కించుకోక, వైద్య కాగితాలతో దారుల్ ఇఫ్తాకు వెళ్లాలి.

తారీఖులు వ్రాసిపెట్టుకునే నోటుబుక్కు అక్కడా పనికివస్తుంది. అలవాటు రోజులు గుర్తుంచుకోవడాన్ని ఫుఖహా ఎంత ముఖ్యమన్నారో మన బాలికలు చదువుతారు. తన రోజులు మరచిన స్త్రీ మస్అలా ఫిఖ్హ్‌లోనే అతి చిక్కైనది. వైద్యురాలు మొదట అడిగేదీ అదే. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, పోయిన నెల ఎప్పుడు? చాలామంది తల్లివైపు చూస్తారు, తల్లి గోడమీది క్యాలెండరు గుర్తు తెచ్చుకోబోతుంది. మా తరగతిలో హైజ్ ప్రకరణం మొదలైననాడే ఒక చిన్న పుస్తకం తెచ్చుకొమ్మంటున్నాము. ఆరు నెలల తారీఖులు ఉంటే ఇద్దరి పనీ సులువవుతుంది.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ కార్యక్రమం ప్రారంభించింది. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మంగళవారాలు స్త్రీల కోసం కేటాయించారు. నెలసరి సమస్యలు, పీసీఓఎస్, థైరాయిడ్ వంటివి అందులో చూస్తారు. మీకు దగ్గరి కేంద్రం ఏదో ఆశా కార్యకర్తను అడగండి. లేకుంటే నార్కట్‌పల్లిలో, నల్గొండలో వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మహిళా వైద్యురాలే చూడాలని కోరితే ఎవరూ తప్పు పట్టరు. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, వాడుతున్న మందులన్నీ, ఆర్.ఎం.పి. ఇచ్చిన పొట్లంతో సహా, సంచిలో వేసుకోండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు రాశారా అని, 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే చక్కెర పరీక్ష అవసరమా అని అడగండి. దానికి రాత్రి నుండి ఏమీ తినకుండా పోవాలి. తోడుగా తల్లి వెళ్లవచ్చు, తండ్రి బయట కూర్చోవచ్చు. కాని తన బాధను అమ్మాయే చెప్పాలి, మధ్యలో తల్లి అందుకోకూడదు. దిగులుగా ఉందా, నిద్ర పడుతున్నదా అని కూడా వైద్యురాలు అడుగుతారు. ఈ జబ్బులో దిగులు ఎక్కువ. ఆ ప్రశ్నకు పిల్ల జవాబు చెప్పేదాకా ఆగండి.